పుల్ల మీద మంచు గీత

ఆగస్టు 6, 2007, సోమవారం

హైదరాబాదు నుంచి వచ్చి నిజామాబాదు బస్టాండులో దిగేసరికి వాన. గొడుగు మా పీహెచ్‌డీ గైడ్ గారి గదిలోనే మరిచిపోయాను. ఆ గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి పోగొట్టుకునే వస్తాను. ఈసారి గొడుగుతో పాటు మూడేళ్ళ పని.

గ్రాఫులన్నీ ఆయన బల్ల మీద పరిచాను. కోబాల్టు, క్రోమియం, ఇనుము, మాంగనీసు, నికెలు. ఐదూ సమపాళ్ళలో కరిగించి, పోతపోసి, రేకులుగా సాగదీసి, ముక్కలు కోసి, ఒక్కొక్కటీ తెగేదాకా లాగి గీయించిన గ్రాఫులు. ఆయన కళ్ళద్దాలు కూడా పెట్టుకోలేదు.

"గది వేడిమిలో హై ఎంట్రోపీ అలాయ్ ఎలా సాగుతుందో ప్రపంచమంతా చూసిందయ్యా జయరాజ్. నువ్వు కొత్తగా చెప్పేదేమిటి?"

"లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి లాగుతాను సార్. అంత చలిలో ఎలా సాగుతుందో చూద్దాం."

"నైట్రోజన్ ఇక్కడ ఫుల్ టైం వాళ్ళకే చాలడం లేదు. మీ నిజామాబాదులో చేసుకో." అని నవ్వారు. పక్కన కూర్చున్న ఇద్దరు స్కాలర్లు కూడా నవ్వారు. వాళ్ళకు నవ్వడం కూడా సిలబస్‌లో భాగమే.

సంవత్సరం చివరికి కొత్త ఫలితం చూపించకపోతే నా రిజిస్ట్రేషన్ పోతుంది. డాక్టరేటు లేని లెక్చరర్‌ను మా ప్రైవేటు కాలేజీ ఎన్నాళ్ళు భరిస్తుందో ప్రిన్సిపాల్ ఇప్పటికే రెండుసార్లు నవ్వుతూ చెప్పారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా విషయంలో దేవుడు ఏమిచ్చాడో కూడా తెలియదు.

ఆగస్టు 9

థర్డ్ ఇయర్ పిల్లలకు పాఠం చెప్పాను. మామూలు మిశ్రమంలో ఒక లోహం యజమాని, మిగతావి కూరలో ఉప్పు లాంటివి. ఇందులో ఐదూ సమానమే, ఏ పరమాణువు పక్కన ఏది ఉంటుందో చెప్పలేం, అందుకే ఒత్తిడి పడ్డప్పుడు పరమాణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి సులభంగా జారలేవు అని బోర్డు నిండా బొమ్మ వేశాను. చివరి బెంచీ నుంచి ఒకడు లేచాడు.

"సార్, గిది పరీక్షల వస్తదా?"

రాదు నాయనా, కూర్చో.

ఆగస్టు 12, ఆదివారం

చర్చి అయ్యాక అక్క ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఎడపల్లి దాటాక, బోధన్ రోడ్డు దిగి చెరుకు తోటల మధ్య నుంచి వెళ్ళాలి. హనోకు బావ అక్కడ గోపాలమిత్ర. ఎదకొచ్చిన బర్రెలకు సూది వేసే పని. ఊళ్ళో అందరూ సూదే అంటారు గానీ అది సూది కాదు. మంచి జాతి దున్న వీర్యం సన్నటి స్ట్రాలలో నింపి ఉంటుంది, దాన్ని బర్రె గర్భంలో వేస్తాడు. మూడు వారాలకు మళ్ళీ ఎదకు రాకపోతే చూడి కట్టినట్టు.

అన్నం ముందు కూర్చున్నామో లేదో లింబయ్య అనే రైతు బండి వేసుకుని వచ్చాడు. "హనోకన్నా, జల్ది రావె. నీ చెయ్యి పడితె సాలు, బర్రె కట్టుడే" అన్నాడు. బావ ఎంగిలి చెయ్యి కడుక్కుని పక్క గదిలోకి వెళ్ళి, పెద్ద క్యాను మూత తీశాడు. తెల్లటి పొగ గచ్చు మీదికి పారింది. స్ట్రా తీసి వెళ్ళిపోయాడు.

నేను ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఈ ఇంట్లో నాలుగేళ్ళుగా తింటున్నాను. ఆ క్యానును వందసార్లు చూసి ఉంటాను. హైదరాబాదులో నేను అడుక్కుంటున్నది అక్క ఇంట్లో పప్పు డబ్బాల పక్కన ఉంది.

బావ రాగానే అడిగాను. బావ పగలబడి నవ్వాడు.

"గీ నైట్రోజనేనా నీకు కావల్సింది? గిన్ని దినాలు అడగకపోతివి! లారీ పది పన్నెండు దినాలకోపారి అస్తది, నింపుతది. గాలికి ఎంత పోతలేదు? దాంట్ల నీకింత. గని ఒక్క మాట."

క్యానులో ముంచే చెక్కపుల్ల చూపించాడు. ముంచి తీస్తే ఎక్కడిదాకా తెల్లగా మంచు పడితే అక్కడిదాకా నైట్రోజన్ ఉన్నట్టు.

"నాలుగు వేళ్ళ కిందికి పోనియ్యద్దు. స్ట్రాలు ఒక్కపారి తేలి వేడి తాకినయంటె సచ్చినట్టే. మల్ల నింపినా లేవవు. పైకి ఏం ఎరుకగాదు, గట్లనే కనవడ్తయి."

నాలుగు వేళ్ళ లోతు. గుర్తుంచుకోలేనంత కష్టమైన లెక్క కాదు.

ఆగస్టు 16

మా కాలేజీలో లోహాన్ని లాగి చూసే మిషను ఒకటి ఉంది. సివిల్ వాళ్ళు ఇళ్ళ సలాకలు పరీక్షిస్తుంటారు. దాని కింది పట్టు చుట్టూ చేపల దుకాణం నుంచి తెచ్చిన థర్మోకోల్ పెట్టె బిగించాను. లోపల ముక్క, చుట్టూ నైట్రోజన్. ల్యాబ్ అటెండర్ రాజమల్లు గుమ్మం బయటే నిలబడ్డాడు. "సారూ, పేలదు గదా?" అన్నాడు. పేలితే నీ పెన్షన్ ఇప్పిస్తానులే అన్నాను.

ముందు మామూలు ఉక్కు. ఆ చలిలో ఒత్తిడి పడగానే టప్పున విరిగింది. సాగనే లేదు. అనుకున్నదే, చలిలో లోహాలు చాలావరకు పెళుసెక్కుతాయి.

తర్వాత నాది. గైడ్ గారి నవ్వు గుర్తొచ్చింది. మిషను ముల్లు కదిలింది. కదులుతూనే ఉంది. గది వేడిమిలో తెగిన చోటు దాటింది. బలం పెరిగింది, సాగడమూ పెరిగింది. రెండూ కలిసి పెరగడం పుస్తకాల్లో చదువుకున్న లోకంలో జరగదు. బలమెక్కితే సాగడం తగ్గాలి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! నేను అరిచినట్టున్నాను, రాజమల్లు లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

నేను అనుకునేది ఇది. మామూలుగా పరమాణువుల వరుసలు జారితేనే లోహం సాగుతుంది. అంత చలిలో జారడం కష్టం. అప్పుడు లోపలి పొరలు అద్దంలో బొమ్మలా తిరగబడి కవల పొరలవుతాయి. ప్రతి పొరా తర్వాతి జారుడికి కొత్త అడ్డం. ఒకచోట సన్నబడి తెగబోయేలోగా ఆ చోటు గట్టిపడుతుంది, సాగడం పక్క చోటికి పోతుంది. లోహానికి ఒత్తిడిలో రెండో దారి ఉంది.

చాలా కాలానికి ఆకలేసి అన్నం తిన్నాను.

ఆగస్టు 20

"చేపల పెట్టెలో చేశావా?" అన్నారు గైడ్ ఫోనులో. "ముక్క పట్టులో జారి ఉంటుంది. నువ్వు చూసింది సాగడం కాదు, జారడం. ఐదారు సార్లు చేసి, అన్నీ కలిస్తే అప్పుడు మాట్లాడు."

ఆయన ల్యాబ్‌లో ఎవడైనా చేసి ఉంటే ఈపాటికి మిఠాయి పంచేవారు.

ఆగస్టు 27

బావ మళ్ళీ ఇచ్చాడు. పెట్టె సీలు ఊడి నైట్రోజన్ అంతా గచ్చు మీద పారి మాయమైంది. ఒక్క ముక్క కూడా లాగలేదు.

ఆగస్టు 31

మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. బావే తెచ్చి ఇచ్చాడు. "నీ సదువు అయితె మా ఇంటికే గదా పేరు" అన్నాడు. రెండు ముక్కలు లాగాను. రెండూ బాగా సాగాయి. మూడోదానికి కరెంటు పోయింది. వచ్చేసరికి పెట్టెలో ఏమీ మిగల్లేదు.

సెప్టెంబరు 7, శుక్రవారం

కమ్మర్‌పల్లిలో బావ మేనమామ పోయారని కబురు. బావ నిన్ననే వెళ్ళాడు, మూడో రోజు ప్రార్థన అయ్యాక వస్తాడు. అంత్యక్రియలకు నేను వెళ్ళలేదు. అక్క ఇంటికి మాత్రం వెళ్ళాను.

అక్క బియ్యం ఏరుతూ ఉంది. "తీస్కపో తమ్మీ, దాంట్ల అడుగుడేంది" అని గది తాళం ఇచ్చింది.

పుల్ల ముంచాను. లారీ ఈసారి వానలకు ఆలస్యమైందట. మంచు గీత తక్కువగానే ఉంది. మరీ తక్కువ కాదు. ముంచినప్పుడు పుల్ల కొంచెం వంకరగా పెట్టానేమో, అందుకని తక్కువ చూపి ఉంటుంది. రెండోసారి ముంచలేదు.

కొద్దిగానే తీసుకున్నాను.

సెప్టెంబరు 8

నాలుగు ముక్కలు లాగాను. నాలుగింటి గీతలూ ఒకదాని మీద ఒకటి పెడితే ఒకే గీతలా ఉన్నాయి. జారడమట! జారింది మీ బుద్ధి సార్.

మైక్రోస్కోపు కింద లోహపు స్ఫటికాల గింజలకు అడ్డంగా సన్నటి సమాంతర గీతలు కనిపించాయి. కవల పొరలే. హైదరాబాదు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపిస్తే ఇక ఎవరూ కాదనలేరు.

నాలుగు ముక్కలకు ఎంత పట్టిందో ఇక్కడ రాయవలసిన పని లేదు.

సెప్టెంబరు 9, ఆదివారం

చర్చికి వెళ్ళకుండా నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. నేను ఉండగానే లారీ వచ్చింది. నేనే గది తాళం తీసి దగ్గరుండి నింపించాను. లారీ అతను మూత తీసి తొంగి చూసి, "ఏంది, అడుగంటింది?" అన్నాడు. వానలు కదా, మీరు ఆలస్యం చేశారు కదా అన్నాను. నిజమే కదా, ఆలస్యం చేశారు.

ఇప్పుడు నిండుగా ఉంది. స్ట్రాలు ఒకటి రెండు పైకి తీసి చూశాను. నీలం రంగువి నీలంగా, ఆకుపచ్చవి ఆకుపచ్చగా, ఎప్పటిలాగే ఉన్నాయి.

బావ సాయంత్రం వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "లారీ అచ్చిందా?" అని అడిగాడు. అక్క వచ్చిందంది. సరే అని పడుకున్నాడు. ఆ మనిషిని ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకు.

సెప్టెంబరు 10

రెండు రోజులు అడుగంటిందంటే అర్థం ఏమిటి. రెండు రోజులే. ఆ అడుగు చలికి స్ట్రాలు బాగానే ఉండి ఉంటాయి.

సెప్టెంబరు 18

మెటలర్జీ చదివినవాడిని, వీర్యకణాల సంగతి నాకెందుకు.

అక్టోబరు 5

అక్క ఇంటి అరుగు మీద భీమవ్వ కూర్చుని ఉంది. ముసలిది, ఒకే ఒక్క బర్రె, దాని పాలు బోధన్‌లో హోటలుకు పోసి బతుకుతుంది. నేను వెళ్ళేసరికి గట్టిగా మాట్లాడుతోంది.

"మల్ల ఎదకొచ్చింది హనోకూ. నువ్వు ఏసింది నిలవలే. లింబయ్య ఇంకో బర్రెదీ నిలవలే, పోశయ్యదీ నిలవలే. నీ చేతుల ఏమైంది బిడ్డా? గీయేడు కట్టకపోతె అచ్చేయేడు పాలేడికెల్లి అస్తయి? నేనేం తినాలె?"

"ఏమో అవ్వా, నాకు సుత తెలుస్తలేదు. ఎప్పటి లెక్కనే ఏసిన."

"ఎప్పటి లెక్కనే ఏస్తె ఎప్పటి లెక్కనే కట్టాలె గదా."

బావ మళ్ళీ సూది వేస్తానన్నాడు. ముసలిది లేచి, "వద్దు బిడ్డా. వేరేటోని పిలుస్త. నీ మీద కోపం కాదు" అని కర్ర పట్టుకుని వెళ్ళిపోయింది.

తేలు కుట్టిన దొంగలా మంచినీళ్ళు అడిగి తాగాను.

అక్టోబరు 13

చెప్పకపోవడానికి కారణాలు ఉన్నాయి. చెబితే ప్రభుత్వ నైట్రోజన్ బయటివాడికి ఇచ్చాడని బావ పని పోతుంది. అంటే నేను చెప్పకపోవడం బావ కోసమే.

పై మాట మళ్ళీ చదివాను. నా డైరీ నేను తప్ప ఎవరూ చూడరు. ఇక్కడ కూడా ఎవరికి చెబుతున్నాను ఈ కథ?

అక్టోబరు 26

పశువుల డాక్టరు ఎడపల్లి వచ్చారట. ఇవే స్ట్రాలు పక్క ఊళ్ళలో బాగా పనిచేస్తున్నాయి, ఇక్కడ ఒక్కటీ నిలవలేదు, కాబట్టి తప్పు వేసేవాడిదే అని తేల్చారు. నైట్రోజన్ ఎప్పుడైనా తగ్గిందా అని కూడా అడిగారట. బావ ధైర్యంగా "లేదు సార్, రోజు పుల్ల పెట్టి సూస్త" అన్నాడట. చావుకు పోయిన రోజులు ఆ మనిషికి గుర్తే రాలేదు.

అక్క చెబుతూ ఏడ్చింది. "మూడు దినాలకెల్లి ఉపాసముండి ప్రార్థన చేస్తుండు తమ్మీ. సబ్బు పెట్టి చేతులు ఒక్కతీర్న కడుగుతుండు. నా చేతుల బలం పోయిందంటుండు."

పాతికేళ్ళకు పైగా ఆ చేతులతోనే అన్నీ చేసుకున్న మనిషి. నా పదో తరగతి ఫీజు హాస్టల్‌కు సైకిల్ మీద వచ్చి కట్టింది ఆ చేతులతోనే. నాకు నా మీద అసహ్యంగా ఉంది. అక్కతో మాత్రం "అన్నీ సర్దుకుంటాయి, డాక్టర్లకేం తెలుసు" అన్నాను.

నవంబరు 4, ఆదివారం

చర్చిలో బావ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. సంఘమంతా చూస్తుండగా రెండు చేతులూ పైకెత్తి, తనకు తెలియకుండా ఏదైనా పాపం చేసి ఉంటే చూపించమని దేవుణ్ణి అడిగాడు. నాకు రెండు వరుసల ముందు. వేళ్ళు సబ్బుకు పాలిపోయి, గీతలు పడి ఉన్నాయి.

చివరి పాటకు ముందే బయటికి వచ్చేశాను.

నవంబరు 9

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలు వచ్చాయి. కవల పొరలు, తిరుగులేకుండా. గైడ్ గారు తానే ఫోన్ చేశారు. "అద్భుతం జయరాజ్! సదస్సులో నేను చెబుతాను, నువ్వు పోస్టరు దగ్గర నిలబడు." నైట్రోజన్ ఎక్కడ సంపాదించావని అడిగారు. స్థానికంగా దొరికింది సార్ అన్నాను. "అది చాలు, అలాగే రాసెయ్" అన్నారు.

రిజిస్ట్రేషన్ పోదు. ప్రిన్సిపాల్ కూడా నవ్వకుండా నమస్కారం పెట్టారు.

నవంబరు 20

సదస్సు అయింది. నా గ్రాఫు తెర మీద పడగానే వెనక వరుసలవాళ్ళు లేచి చూశారు. గైడ్ గారు "మేము" అంటూ చెప్పారు. ఆ మేములో నేను లేను. కోపం వచ్చింది. వెంటనే నవ్వూ వచ్చింది, కోపగించుకునే మొహం నాకుందా అని. బావ శ్రమ నేను తిన్నాను, నా శ్రమ ఆయన తిన్నారు. లెక్క సరిపోయింది.

కాదు. సరిపోలేదు. ఆయన నన్ను నా పనికి అనర్హుడినని నమ్మించలేదు.

పత్రికకు పంపాలంటే ఇంకో మూడు ముక్కలు లాగాలట.

నవంబరు 25, ఆదివారం

రేపు వెళ్ళి చెప్పేస్తాను. అక్క ముందే చెబుతాను.

నవంబరు 26

కాలేజీలో తనిఖీ.

నవంబరు 28

వెళ్ళలేదు.

డిసెంబరు 1, శనివారం

మధ్యాహ్నం ల్యాబ్ గుమ్మంలో బావ. మోటారుసైకిల్ వెనక పెద్ద క్యాను తాళ్ళతో కట్టి ఉంది. రాజమల్లూ నేనూ కలిసి దించాము.

"రాజీనామా ఇచ్చిన" అన్నాడు బావ. "స్ట్రాలు డాక్టర్ సాబ్ తీస్కపోయిండు. క్యాను సోమవారం అప్పజెప్పాలె. గంతదాక ఊకె ఆవిరైపోతది గదా, నీకన్న అక్కరకస్తదని తెచ్చిన."

రాజమల్లు బయటికి వెళ్ళాడు. బావ స్టూలు మీద కూర్చున్నాడు.

"జయరాజూ, ఒక్క మాట అడుగుత. నేను కమ్మర్‌పల్లికి పోయిన్నాడు నువ్వు ఇంటికచ్చి నైట్రోజన్ తీస్కపోయినవంట. మీ అక్క రాత్రి యాది చేసుకోని చెప్పింది. పుల్ల పెట్టి సూసినవా?"

తల ఊపాను.

"ఎంతుండె?"

బావ గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది. ఆ కళ్ళలో ఆశ ఉంది. తక్కువుండె బావా అని ఒక్క మాట అంటే చాలు, ఆ మనిషి లేచి నన్ను కొట్టినా కొట్టకపోయినా, తన చేతులు తనకు తిరిగి దొరుకుతాయి. ఆ మాట కోసమే అంత దూరం క్యాను కట్టుకుని వచ్చాడని నాకప్పుడు అర్థమైంది. నైట్రోజన్ ఇవ్వడానికి కాదు.

ఆ మాట అక్క దగ్గరికి పోతుంది, అక్క నుంచి డాక్టరు దగ్గరికి, డాక్టరు నుంచి ఎక్కడిదాకానో. స్థానికంగా దొరికిందని రాసిన కాగితం ఇప్పుడు పత్రికకు పోబోతోంది.

"మస్తుగనే ఉండె బావా" అన్నాను. "సగానికి ఎక్కువనే."

బావ తల దించుకున్నాడు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టి చూసుకున్నాడు.

"అయితె నా చెయ్యే" అన్నాడు. "నీ మీద అనుమానపడ్డ. తప్పయింది, మనసుల పెట్టుకోకు."

లేచి, భుజం తట్టబోయి, ఏమనుకున్నాడో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వచ్చే వారం నుంచి చెరుకు కొట్టే ముఠాలో కలుస్తానన్నాడు. మోటారుసైకిల్ చప్పుడు గేటు దాటేదాకా వినబడింది.

తర్వాత ముక్కలు లాగాను. మూడూ తెగకుండా చాలా దూరం సాగాయి. ఇంతవరకు వచ్చినవాటిలో ఇవే మంచివి. గైడ్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన చాలా సంతోషించారు.